లిస్బన్‌ల మూడు గంటల ఇరవై నిమిషాలు

"అన్నా, నీదే బతుకంటె. పైసలిచ్చి మరీ లోకం తిప్పుతున్నరు." ఏ రేవుల దిగి ఒక్క ఫొటో పెట్టినా ఊరి పోరగాళ్ల నుంచి నాకొచ్చే మాట గిదే. దాని ఎంబడే ఇంకో మాట వస్తది: "మాకు గూడ ఓడల నౌకరి చూడరాదు." ఈ రెండో మాటకు జవాబు చెప్పాలంటె ముందుగాల మొదటి మాటను విప్పి చూపాలె. ఫొటోల కనవడేది అబద్ధమేం కాదు. సముద్రం ఉంది, ఊరు ఉంది, ఆడ నిలవడ్డది నేనే. కాకపోతె ఆ ఫొటో ఎనుక ఎన్ని గంటలున్నయి, అవి ఏడికెల్లి వచ్చినయి అనేది అండ్ల కనవడది.

నేను క్రూజ్ ఓడల క్యాబిన్ స్టీవార్డ్‌ను. ప్రయాణికుల గదులు ఊడ్చి, బాత్రూములు కడిగి, పక్కలు పరిచే పని. మా జగిత్యాల దిక్కు గల్ఫుకు పోయినోళ్లు వాడకు పది మంది దొరుకుతరు గని ఓడలెక్కినోళ్లు తక్కువ. అందుకే ఈ నౌకరి ముచ్చట ఊర్లల్ల సక్కగ ఎరుక లేదు. ఎరుక లేని కాడ్నే ఏజెంట్లు పైసలు గుంజుతరు. గందుకే ఇయ్యాల ఒక్క పైటాల లెక్క చెప్త. ట్రిప్పుల ఆఖరి రేవుల, ఓడ దిగి తిరిగిన పైటాల.

ఆ ట్రిప్పు ఇంగ్లండ్‌ల సౌతాంప్టన్ నుంచి మొదలైతది. స్పెయిన్ రేవులు తిరిగి, కాడిజ్ అనే ఊరి నుంచి పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కు వస్తది. ఆడికెల్లి మల్ల సౌతాంప్టన్. లిస్బన్ దాటినంక రెండు రోజులు బిస్కే అఖాతం మీద పోవుడే, నేల దొరకది. సౌతాంప్టన్‌ల నేల దొరుకుతది గని మాకు దిగుడు దొరకది. పొద్దుగాల మూడు వేల మంది దిగుతరు, మాపటీలికి మల్ల మూడు వేల కొత్త మొకాలు ఎక్కుతయి. నడిమిట్ల ఉన్న కొన్ని గంటల్ల ప్రతి పక్కబట్ట మారాలె, ప్రతి గది కొత్తగ కనవడాలె. కాబట్టి మాకు లిస్బనే ఆఖరు. అది పోతె మల్ల కాలు నేల మీద పెట్టేది వచ్చే ట్రిప్పులనే.

ప్రయాణికునికి గూడ ఆఖరి రేవు కొంచెం వేరేనే. అప్పటికి గుళ్లు, కోటలు, మ్యూజియాలు చూసి చూసి అలసిపోయి ఉంటడు. ఇగ బస్సెక్కి గైడ్ ఎంబడి ఉరుకుడు లేదు. నెమ్మదిగ తిరిగి, కాఫీ తాగి, ఇంటికి నాలుగు సామాన్లు కొనుక్కొని వస్తడు. వచ్చి పెట్టె సదురుకుంటడు. ఆ నిమ్మళం చూస్తె నాకూ మంచిగనే అనిపిస్తది. గని మా లెక్క వేరు.

రేవు రోజున మా పని పొద్దుగాల ఏడింటికి మొదలైతది. పైటాల పన్నెండున్నర దాక గదులు. మాపటీలి ఐదింటికి మల్ల ఎక్కాలె, ఎందుకంటె రాత్రికి పక్కలు మడిచి, తువ్వాలలు మార్చి పెట్టే డ్యూటీ ఉంటది. ఈ రెండింటి నడుమ దొరికేదే మాకు రేవు. అదిగూడ రోజూ దొరకది. ఓడ రేవుల ఉన్నా మంటలంటుకుంటె ఆర్పనీకి, జనాన్ని దించనీకి సరిపోయేంత సిబ్బంది పైననే ఉండాలె. దీన్ని ఇన్-పోర్ట్ మ్యానింగ్ అంటరు, వంతులేసి తిప్పుతరు. నీ వంతొచ్చిన రోజు బయట స్వర్గమున్నా నువ్వు లోపల్నే.

ఇంకో లెక్కుంది. పోరగాళ్లకు ఇది ఎవ్వలు చెప్పరు. నావికుల పని గంటల మీద అంతర్జాతీయ రూలు ఉంది: రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇయ్యాలె. ఆ 10 గంటలను రెండు ముక్కల కంటె ఎక్కువ చెయ్యొద్దు, అండ్ల ఒక ముక్క 6 గంటలకు తక్కువ ఉండొద్దు. అర్థమైందా? నేను లిస్బన్‌ల తిరిగే టైము సెలవు కిందికి రాదు, విశ్రాంతి కిందికే వస్తది. రిజిస్టర్ల ఆ పైటాల నేను పండుకున్నట్టే లెక్క. గల్లీలల్ల తిరిగొచ్చి ఐదింటికి డ్యూటీ ఎక్కి, రాత్రి పదికి దిగినోడు, అలసట ఏడ దించుకుంటడు? అందుకే మావోళ్లల్ల శానమంది రేవొచ్చిన రోజు తలుపు పెట్టుకొని పండుకుంటరు. కొంతమంది దిగుతరు గని టెర్మినల్ గోడ దాటరు. ఫ్రీ వైఫై దొరికిన కాడ కూసొని ఇంటికి వీడియో కాల్ జేసి మల్ల ఎక్కుతరు. ఆళ్లను చూసి నవ్వేటోళ్లున్నరు. నాకైతె నవ్వు రాదు.

ఇగ హక్కు ముచ్చట. రేవుల దిగనిచ్చుడు సూపర్‌వైజర్ దయ అని మస్తుమంది అనుకుంటరు. 2006ల అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ఒప్పందం జేసింది. దాని పేరు మారిటైమ్ లేబర్ కన్వెన్షన్, 2013 నుంచి అమల్ల ఉంది, మన దేశం 2015ల ఒప్పుకుంది. నావికుల ఆరోగ్యం కోసం, మనసు మంచిగుండనీకి, ఆళ్ల పనికి అడ్డం రాకుంట ఒడ్డుకు దిగే సెలవు ఇయ్యాలె అని అండ్ల రాసి ఉంది. "పనికి అడ్డం రాకుంట" అనే మాట కాడ్నే అన్ని పేచీలు వస్తయి, అది వేరే ముచ్చట. గని మొదలైతె హక్కే. దాని ఇలువ ఏందో 2020ల తెలిసింది. కరోనా అని దేశాలన్ని రేవులు బందుపెట్టినయి. కాంట్రాక్టు అయిపోయినా ఇంటికి పోరాక ఆ ఏడాది ఆఖరుకు 4 లక్షల మంది నావికులు ఓడల మీద్నే చిక్కుకపోయిన్రని లెక్క. నెలలకు నెలలు ఊరు కండ్లముందటనే కనవడుతుంటది, కాలు పెట్టనియ్యరు. అప్పటినుంచి ఒడ్డుకు దిగుడు అంటె షోకు అని నా ముందట ఎవలన్నా అంటె నేను ఊకోను.

వీసా సంగతి గూడ అడుగుతరు. యూరప్‌ల షెంగెన్ దేశాలల్ల, అంతర్జాతీయ పద్ధతి ప్రకారం తీసిన నావికుల గుర్తింపు పత్రం చేతిల ఉంటె, ఓడ ఆగిన రేవు మున్సిపాలిటీల, దాన్ని ఆనుకొని ఉన్న మున్సిపాలిటీలల్ల వీసా లేకుంటనే తిరగొచ్చు. ఆ హద్దు దాటి రైలెక్కి దూరం పోతనంటె కుదరది. అమెరికాకు గీ పద్ధతి నడవది, ఆడికి పోయే ఓడ ఎక్కాలంటె ముందుగాల్నే సీ1/డీ వీసా ఉండాలె.

దిగే ముందు చూసుకోవాల్సింది గడియారం. స్పెయిన్‌కు, పోర్చుగల్‌కు పక్క పక్కనే సరిహద్దు, టైము మాత్రం ఒక గంట తేడా. కాడిజ్‌ల నాలుగైతె లిస్బన్‌ల మూడే. కొన్ని ఓడలు ఆ రాత్రి గడియారం గంట వెనక్కి తిప్పుతయి. అట్ల తిప్పిన రాత్రి మాకు పండుగే, ఒక గంట నిద్ర ఎక్కువొస్తది. కొన్ని ఓడలు ఒక్క రోజు కోసం ఎందుకని తిప్పయి. అప్పుడు ఓడ టైము ఒకటి, ఊరి టైము ఇంకోటి. మన చేతిల ఫోన్ ఉంటదా, అది దిగంగనే ఆ ఊరి టవర్ పట్టుకొని ఊరి టైము చూపెడ్తది. ఓడల నాలుగున్నరకు ఎక్కుమంటె, ఫోన్ల నాలుగున్నర అయ్యేదాక కాఫీ తాగినోనికి ఓడ సముద్రంల చుక్క లెక్క కనవడ్తది. అందుకే పాత క్రూ అంత చేతి గడియారం పెట్టుకుంటరు, ఓడ టైముకు.

ఓడ ఎందుకు ఆగదు, ఐదు నిమిషాలే గదా అంటరు. ఓడ బయటికి పోవాలంటె పైలట్ రావాలె. పైలట్ అంటె విమానం నడిపెటోడు అనుకునేరు, ఆ రేవు లోతులు, నది గుణం ఎరుకైన స్థానిక కప్తాన్. ఆయనను ఫలానా టైముకని ముందే మాట్లాడుకొని ఉంటరు. మోకులు విప్పే మనుషులు గంటల లెక్కన ఒడ్డు మీద నిలవడి ఉంటరు. రేవుల జాగకు కిరాయి ఉంటది. ఆలస్యమైతె తర్వాతి రేవు అందుకోనీకి స్పీడు పెంచాలె, స్పీడు పెంచితె నూనె కాలుతది. ఇన్ని లెక్కల ముందట ఒక మనిషి కాఫీ ఎంత? ప్రయాణికుడు తప్పిపోతె ఆని పాస్‌పోర్టు రేవు ఏజెంటుకు ఇచ్చి పోతరు, ఆడు సొంత పైసలతోని తర్వాతి రేవు అందుకోవాలె. క్రూ మనిషి తప్పిపోతె నౌకరి మీదికొస్తది. మమ్ముల ప్రయాణికుల కంటె అరగంట ముందే ఎక్కుమంటరు.

ఆ రోజు నేను దిగేసరికి పన్నెండు నలభై. నాలుగింటికి ఎక్కాలె. మూడు గంటల ఇరవై నిమిషాలు.

లిస్బన్‌ల ఒక సుఖం ఏందంటె, ఓడ ఊరి నడుమనే ఆగుతది. కొన్ని రేవులల్ల కంటైనర్ల నడుమ దించుతరు, ఊర్లెకు పోనీకే గంట బస్సు. ఈడ 2017ల కట్టిన టెర్మినల్ శాంటా అపొలోనియా రైల్వే స్టేషన్ పక్కపొంటే ఉంది. బయటికొచ్చి సడక్ దాటితె అల్ఫామా. లిస్బన్‌ల పాత బస్తీ అదే. అరబ్బులు ఏలిన కాలంల పెట్టిన పేరు, వేడినీళ్ల ఊటలు అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది. రెండు చేతులు చాపితె అటు గోడ ఇటు గోడ తగిలే గల్లీలు. మెట్లు, మల్ల మెట్లు. కింద పరిచిన తెల్ల రాళ్లు అరిగి అరిగి నున్నగైనయి, వాన పడితె జారుతయి, చెప్పులేసుకున్నోళ్లు పైలం.

1755 నవంబర్ 1న ఈ ఊర్ల పెద్ద భూకంపం వచ్చింది. పండుగ రోజు, చర్చీల దీపాలు ఎలుగుతున్నయి. ముందు భూమి ఊగింది, ఎనుకంగ నదిల నుంచి సునామీ వచ్చింది, మిగిలినదాన్ని మంటలు కాల్చినయి. కింది ఊరు మొత్తం పోయింది. గుట్ట మీది అల్ఫామా శానవరకు నిలవడ్డది. అందుకే ఇప్పటికీ ఈడ గల్లీలు వంకర టింకర ఉంటయి, కిందికి దిగితె సడకులు గీత గీసినట్టు ఉంటయి. కింద కొత్తగ కట్టినప్పుడు గోడల లోపట కట్టెలతోని పంజరం లెక్క అల్లి కట్టిన్రు, భూమి ఊగితె ఇల్లు ఊగాలె గని కూలొద్దని. ఇన్ని వందల ఏండ్ల కిందట్నే గంత ఆలోచన జేసిన్రు.

పైకి ఎక్కుతుంటె ఇండ్ల తలుపుల పక్కన "ఏఎల్" అని రాసిన చిన్న పలకలు కనవడ్తయి. ఆ ఇల్లు టూరిస్టులకు రోజు కిరాయికి ఇస్తరని గుర్తు. ఒక గల్లీల లెక్కపెట్టుకుంట పోయిన. పది తలుపులు కాకముందే లెక్కబెట్టుడు బందువెట్టిన. పైన బట్టలారేసిన ముసలామె ఒకామె కిటికీల నుంచి కిందికి చూస్తున్నది. మా ఓడ ఒక్కదాంట్ల నుంచే మూడు వేల మంది ఆమె గల్లీల పడ్తరు, నాలుగు గంటలు తొక్కి పోతరు. రాత్రి భోజనం మల్ల ఓడలనే, పండుకునేది ఓడలనే. ఊరికి మిగిలేది ఏందని ఈ ఊర్లోళ్లు అడుగుతున్నరు, బార్సిలోనాల అడుగుతున్నరు. వెనిస్‌ల అడిగి అడిగి 2021ల పెద్ద ఓడలను ఊరి నడుమ కాలువల నుంచి బందే పెట్టిచ్చిన్రు. నేను ఆ ఓడల జీతం తీసుకునేటోన్ని. అయినా ఆళ్ల మాటల న్యాయం ఉందనే చెప్త.

గుట్టమీద శాంటా లూసియా అనే జాగ ఉంది. ఆడ నిలవడితె ఎర్ర పెంకుల కప్పులు, దాని కింద టేజో నది, నదిల మా ఓడ. ఊరి కంటె ఓడనే పెద్దగ కొడ్తది. అవ్వకు ఫోన్ జేసిన. ఈడ ఒంటిగంట దాటింది, ఇంటికాడ ఐదున్నర. బర్లు ఇంటికొచ్చే యాళ్ల. "తిన్నవా బిడ్డా" అన్నది, "తిన్న" అన్న. ఇంకా తినలే. ఓడను చూపెడ్తె "గంత పెద్దదాన్ల నీ రూము ఏడుంది" అని అడిగింది. కిటికీలున్న అంతస్తులన్నిటికంటె కింద, నీళ్ల కిందికి ఉంటది మా రూము. ఎట్ల చూపెట్టాలె? గట్లనే ఎటో దిక్కు వేలు పెట్టిన.

ఆడికెల్లి దిగితె మార్టిమ్ మోనిజ్ అనే చౌక్, దాని ఎనుకంగ బెన్‌ఫొర్మోజో గల్లీ. ఈ గల్లీల అడుగుపెడితె యూరప్ అనిపియ్యది. బంగ్లాదేశ్ దుకాణాలు, నేపాల్ హోటళ్లు, పంజాబోళ్లు. బయట గంపలల్ల పచ్చిమిరపకాయలు, అల్లం, కొత్తిమీర కట్టలు. ఫోన్ల సిమ్ములు, హలాల్ కోడి. ఒక బంగ్లా హోటల్ల అన్నం, పప్పు, చేపల పులుసు తిన్న. వండేటాయన సిల్హెట్ దిక్కోడు, నాకు బెంగాలీ రాదు, ఆయనకు తెలుగు రాదు, హిందీల ముచ్చట పెట్టినం. ఓడల అన్ని దేశాల తిండి దొరుకుతది గని ఎవలన్నా "ఇంకింత పెట్టాన్నా" అని అడిగి పెట్టిన బువ్వ దొరకది.

శానమంది ఈ ఊరికొస్తె బెలెం దిక్కు ఉరుకుతరు. ఊరు చివర, ఆరేడు కిలోమీటర్లు. ఆడ నది ఒడ్డున పాత బురుజు, పెద్ద మఠం, ఆ మఠంల వాస్కోడగామా సమాధి. మన స్కూలు పుస్తకంల చదువుకున్న వాస్కోడగామానే. 1497ల ఈ నది మీదికెల్లే నాలుగు ఓడలేసుకొని బయలెల్లిండు, 1498ల కాలికట్ కాడ దిగిండు. ఎంబడి పోయినోళ్లు దగ్గర దగ్గర 170 మంది. తిరిగొచ్చింది సగం కంటె తక్కువే. తాజా కూరలు, పండ్లు లేక చిగుళ్లు వాచి, పండ్లూడి సచ్చిపోయిన్రు. గామాకు సమాధి ఉంది, విగ్రహాలున్నయి, వంతెనకు పేరుంది. సచ్చిన క్రూ ఏడ ఉన్నరో ఎవలికీ పట్టలే. ఇదే గామా 1502ల మల్ల వచ్చినప్పుడు మక్కా నుంచి వస్తున్న యాత్రికుల ఓడను మనుషులతోని సహా కాలవెట్టిచ్చిండు, ఆ ముచ్చట స్కూలు పుస్తకంల నేను చదివిన యాది లేదు. నేను బెలెం పోలే. పోయి రానీకే గంటన్నర, నాకున్నది మూడు గంటల ఇరవై నిమిషాలు.

దానికి బదులు నదొడ్డుకు పోయి కూసున్న. ప్రాసా దొ కొమెర్సియో అని పెద్ద మైదానం, మూడు దిక్కులు పసుపు రంగు బంగ్లాలు, నాలుగో దిక్కు నది. నీళ్లల్లకు దిగే రాతి మెట్లున్నయి, రెండు దిక్కుల రెండు స్తంభాలు. మన గోదారి పుష్కర ఘాట్ యాదికొస్తది. ఒక నాటా కొనుక్క పోయిన. గుడ్డు, పాలు, చక్కెర కలిపి చిన్న గిన్నె లెక్క చేసిన రొట్టెల పోసి కాలుస్తరు, పైన నల్లగ మాడుతది. పాతకాలం మఠాలల్ల గుడ్డు తెల్లసొనతోని బట్టలకు గంజి పెట్టెటోళ్లట, మిగిలిన పచ్చసొనతోని ఈ మిఠాయి పుట్టిందంటరు. ప్రయాణికులు జింజా అనే పండ్ల మందు చిన్న గ్లాసుల్ల తాగుతున్నరు. మాకు అది కుదరది. ఎక్కేటప్పుడు మూతి కాడ మిషన్ పెట్టి చూస్తరు.

ఆ మెట్ల మీద కూసొని ఒక ముచ్చట ఆలోచన జేసిన. నా పనిల రోజూ ముట్టే సామాన్లు ఏందియి? చాబీ, బాల్చీ, తువ్వాల, అల్మారి, ఇస్త్రీ. ఈ మాటలన్ని పోర్చుగీసోళ్ల నోట్లకెల్లి మన దేశానికొచ్చినయే. ఆళ్ల షావ్ మన చాబీ, ఆళ్ల బాల్ద్ మన బాల్చీ, తొఆల్య మన తువ్వాల, అర్మారియో మన అల్మారి. బొత్తం, మేస్త్రి గూడ ఆళ్లయే. మిరపకాయ గూడ ఆళ్ల ఓడల మీద్నే వచ్చింది. అమెరికా ఖండంల పుట్టిన చెట్టు, పోర్చుగీసోళ్లు తెచ్చి పశ్చిమ తీరంల దించిన్రు. అంతకు ముందు మన కూరలల్ల కారం అంటె మిరియమే, మిరపకు ఆ పేరు గూడ మిరియం నుంచే వచ్చింది. ఇయ్యాల వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఎర్రగ పరిచిన రాశులు చూస్తె అది పరాయి పంట అని ఎవలన్నా నమ్ముతరా?

గంట సేపు కూసున్న. ఏ పని లేదు, ఎవ్వలు పిలవలే. ఓడ దిగి మ్యూజియం చూసిన్నా, కోట చూసిన్నా అని అడిగితె చూడలే. మేము ఓడల ఉన్నన్ని రోజులు ఏదో ఒక బెల్లు, ఏదో ఒక ఫోను, ఎవని గదిలనో ఏదో ఒకటి. రూముల గూడ ఇద్దరం, పైనొకడు కిందొకడు. ఒక్కన్నే కూసునుడు అనేది దొరికేది నేల మీద్నే. మూడున్నరకు లేచి నదొడ్డు పొంటి నడుచుకుంట వచ్చిన. పావుగంట దారి. మూడు యాభైకి కార్డు గీకి లోపటికి పోయిన.

ఐదింటికి ఓడ కదిలింది. లిస్బన్ నుంచి సముద్రంలకు పోవాలంటె ఏప్రిల్ 25 వంతెన కింది నుంచి పోవాలె. 1966ల కట్టినప్పుడు దానికి నియంత సలజార్ పేరు పెట్టిన్రు. 1974 ఏప్రిల్ 25న సైనికులు ఆ ప్రభుత్వాన్ని కూలగొట్టినంక పేరు మార్చిన్రు. వంతెన మీద ఇనుప జాలీ పరిచిన సడక్ ఉంది, దాని మీద కార్లు పోతుంటె తేనెటీగల తెట్టె కదిలినట్టు చప్పుడొస్తది. ప్రయాణికులంత పై డెక్కు మీద ఫోన్లు పట్టుకొని నిలవడ్డరు. నేను ఏడో అంతస్తుల ఒక గదిల తువ్వాల మడుస్తున్న. బాల్కనీ తలుపు తీసే ఉంది, చప్పుడు ఇనవడ్డది.

ఇగ మీరు అడిగే నౌకరి ముచ్చట. ఓడల పని చెడ్డదని నేను చెప్త లేను. ఇంటికి పైసలు పంపుతున్న, అప్పు తీరింది. గని ఎక్కే ముందు అడగాల్సినయి అడగాలె. కాంట్రాక్టు ఎన్ని నెలలు? రోజుకు ఎన్ని గంటల పని, విశ్రాంతి గంటలు ఎట్ల రాస్తరు? రేవుల దిగుడు ఎన్ని దినాలకోసారి దొరుకుతది? జీతం అడిగినంత గట్టిగ ఇవి అడగండి. ఈ పని చేసినోళ్ల నుంచి తెలుసుకోండి, ఏజెంటు ఆఫీసు గోడ మీది ఓడ బొమ్మ చూసి కాదు.

పైసలు కట్టుమనే ఏజెంటు ముందట కూసున్నప్పుడు ఒకటి యాది పెట్టుకోండి. మన దేశంల నావికులను ఓడలెక్కించే కంపెనీకి కేంద్ర ప్రభుత్వ షిప్పింగ్ డైరెక్టరేట్ ఇచ్చిన లైసెన్స్ ఉండాలె, దాన్ని ఆర్పీఎస్ఎల్ అంటరు. ఉన్నదా లేదా అనేది ఆళ్ల వెబ్‌సైట్ల పేరు కొట్టి చూడొచ్చు. నౌకరి ఇప్పిచ్చినందుకు నావికుని నుంచి ఒక్క రూపాయి తీసుకోవద్దని నేను పైన చెప్పిన ఒప్పందంల్నే రాసి ఉంది. మీరు పెట్టుకోవాల్సిన ఖర్చుల కింద అది చెప్పింది మెడికల్ సర్టిఫికెట్, సీడీసీ అనే నావికుల పుస్తకం, పాస్‌పోర్టు అసొంటి ప్రయాణ కాయితాలు. సేఫ్టీ ట్రైనింగ్ కోర్సు ఫీజు ఇన్‌స్టిట్యూట్‌కు నేరుగ కట్టి రశీదు తీసుకోండి, ఏజెంటు చేతికి ఇయ్యొద్దు. వీసా కోసమని లక్ష అడిగితె లేచి రండి. ఆ ఒప్పందం ప్రకారం వీసా ఖర్చు గూడ ఓడ యజమానిదే.